నీరవ లేఖలపై తీసుకున్న చర్యలు

దైవాధీనం మాస్టారు మా హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు చెప్పారు. తెలుగు సాహిత్యానికి కూడా ఆయన చేసింది అదే పని. ఏ విమర్శకుడైనా వరస తప్పి నిలబడితే ఈల వేసి, వెనక్కి తిప్పి, మైదానం చుట్టూ పరిగెత్తించేవారు. బళ్లో ఈల మెళ్లో ఉండేది, సాహిత్యంలో వారపత్రికల్లో ఉండేది. అంతే తేడా.

ఆయన కాపాడింది సాహిత్యం మొత్తాన్ని కాదులెండి. ఒకే ఒక్క కవిని. అసలు పేరు సోమలింగం, కలం పేరు 'నీరవ'. నీరవమంటే చప్పుడు లేనిదని అర్థం. ఈ నీరవ చప్పుడు చెయ్యకుండా ఉండేది నిద్రలోనేనని, అదీ పక్కకి తిరిగి పడుకుంటేనేనని తెలిసినవాళ్లు అనేవారు. దివిసీమలో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఉదయం గొట్టంతో గేదెలకు, సాయంత్రం గేయంతో జనాలకు మందు పట్టేవాడు. గేదెలైతే కాస్త తలాడించేవి.

నీరవ మీద ఎవడైనా ఒక వాక్యం విసిరితే, మాస్టారు ఒక వ్యాసం విసిరేవారు. కవిని 'కపి' అన్నవాణ్ణి కపిరాజు లంకనేం చేశాడో గుర్తుచేసి కాల్చి పారేశారు. నీరవ పుస్తకం వచ్చిందంటే మాస్టారి వ్యాసం వచ్చి తీరేది. పుస్తకానికొక వ్యాసం. ఒక్క 'సముద్రానికి సంజాయిషీ' అనే ఆఖరి కావ్యానికి మాత్రం రెండు వ్యాసాలు రాశారు. ఎంత గొప్ప కావ్యమో కాబోలని మేమంతా చదవకుండానే తల వంచాం.

ముప్ఫై ఎనిమిదేళ్లలో నీరవ ఆయనకు రెండువందల పన్నెండు ఉత్తరాలు రాశాడు. అవన్నీ తారీఖుల ప్రకారం, ఒకప్పుడు ఫుట్‌బాల్ పంపు దాచుకున్న రేకుపెట్టెలో ఉండేవి. నీరవ పోయి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లుగా మాస్టారు పొద్దున్నే కాఫీతో పాటు ఒక ఉత్తరం చదువుకుంటున్నారు. రోజుకొకటి. అయిపోతే మళ్లీ మొదటినుంచి.

"అంటే రెండువందల పన్నెండు రోజులకి ఒక చుట్టన్నమాట," అన్నాను ఒకసారి, శిష్యుణ్ణి కదా, లెక్క ఒప్పజెబుతూ.

"రెండువందల పదకొండు," అని దిద్దారు మాస్టారి భార్య వకుళమ్మ పిన్నిగారు, వంటింట్లోంచి. "ఆఖరిది చదవరు. ఎందుకండీ అంటే కాఫీ చల్లారిపోయిందంటారు. పదకొండేళ్లుగా నా కాఫీ మీదే నెపం."

మాస్టారు ఈల ఊదినట్టు ఊపిరి వదిలి పేపరు తిరగేశారు.

ఇలా ఉండగా మన రాష్ట్రంలో ఉత్తరాల మీద ప్రేమ పుట్టింది. ప్రేమ లేఖలు పుట్టిస్తుందని విన్నాం గానీ, లేఖల మీద ప్రేమ పుట్టి ఒక శాఖను పుట్టించడం మొదటిసారి చూశాం. పేరు 'సాహిత్య లేఖా సంరక్షణ సంస్థ'. మా ఊళ్లో దానికో కార్యాలయం, కార్యాలయానికో సంచాలకులు, ఆయన పేరు పీతాంబరరావు. ఆయన ఒకరోజు శాలువా ఒకటి పట్టుకుని మాస్టారింటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"మాస్టారూ! తమ వద్ద నిక్షిప్తమై యున్న లేఖా సంపదను జాతి సంపదగా పరిణమింపజేయు బృహత్తర సంకల్పంతో మా సంస్థ తమ గృహ ప్రాంగణమునకు విచ్చేయడమైనది."

"కాఫీలో పంచదార వెయ్యమంటారా అని అడుగుతున్నానండీ," అన్నారు పిన్నిగారు.

"సదరు విషయమై..." పీతాంబరరావు గారు క్షణం ఆలోచించారు. "రెండు చెంచాలు."

విషయం ఇది. నీరవ డెబ్భయ్యో జయంతికి ఉత్తరాలన్నీ కలిపి పుస్తకంగా అచ్చువేస్తారు. పదిహేను రోజులు ఇస్తే ఫొటోలు తీసుకుని అసలు ప్రతులు పువ్వుల్లో పెట్టి తిరిగి ఇస్తారు. మాస్టారి కళ్లు మెరిశాయి. ఆయన రక్షించిన కవిని ప్రభుత్వం రక్షిస్తానంటోంది! రేకుపెట్టె తెచ్చారు. ఉత్తరాలు లెక్కపెట్టి ఇచ్చారు. చిట్టచివరి కవరు మాత్రం వేళ్ల మధ్య కాసేపు ఆగింది.

"అది ఉంచుకోండి పోనీ," అన్నారు పిన్నిగారు మెల్లిగా.

"లెక్క లెక్కే," అన్నారు మాస్టారు. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని వరసల్లో నిలబెట్టిన మనిషి. వరసలో ఒకణ్ణి దాచడం ఆయనవల్ల కాలేదు.

పదిహేను రోజులు పాతిక రోజులయ్యాయి. పొద్దున కాఫీ వస్తోంది, ఉత్తరం లేదు. మాస్టారు కాఫీ కప్పు మీద అక్షరాలు చదివే స్థితికి వచ్చారు. ఆ కప్పు మీద ఒక ఎరువుల కంపెనీ పేరుంది. దాన్నే రోజూ చదువుతున్నారని, ఆఖరికి అందులో కూడా ఒక లయ ఉందంటున్నారని పిన్నిగారు నాకు కబురు చేశారు. నా స్కూటరు వెనక ఎక్కించుకుని మాస్టార్ని కార్యాలయానికి తీసుకెళ్లాను.

తపాలా విభాగంలో ఎస్తేరు రాణి అనే గుమస్తా కూర్చుని ఉంది. ఎదురుగా మా రేకుపెట్టె. పక్కన సిరా దిండు, చేతిలో రబ్బరు ముద్ర. ముద్రణకని ఇచ్చిన ఉత్తరాల మీద ముద్రలు పడుతున్నాయి. అచ్చు వేస్తామన్న మాట తప్పలేదు, వాళ్లకి తెలిసిన అచ్చు అదే.

"ఏంటమ్మా ఇది!" అన్నారు మాస్టారు.

"ఇన్వర్డు నంబరండీ. మా గుమ్మం దాటి లోపలికొచ్చిన ఏ కాయితానికైనా వెయ్యాలి. మొన్న ఈ పెట్టెలోనే ఇస్త్రీ బట్టల చీటీ కూడా ఉంది. నూట నాలుగో నంబరు పడింది. ఇప్పుడు మీరు ఆ చొక్కాల సంగతి తేల్చేదాకా అది కూడా పెండింగే."

"సరే, నంబర్లు వేశారుగా. ఇక మా ఉత్తరాలు మాకిచ్చెయ్యి."

ఎస్తేరు రాణి జాలిగా చూసింది. "లోపలికి నంబరుతో వచ్చింది, బయటికి నంబరుతోనే పోవాలండీ. మధ్యలో చర్య ఉండాలి. చర్య లేకుండా పోతే నా ఉద్యోగం పోద్ది. డైరెక్టరు గారు లోపల మంచి నీళ్లు తాగుతున్నారు, చూడండి. పొద్దుటినుంచీ అదే పని."

పీతాంబరరావు గారు నిజంగానే నీళ్లు తాగుతున్నారు. బల్ల మీద ఒక సర్క్యులరు. 'పెండింగు ఉత్తరాల నిర్మూలనోద్యమం'. అందులో మూడో పేరా కింద ఎర్ర గీత ఉంది: కార్యాలయ ఆవరణలో గల ఏ ఉత్తరమైనను, ఎవరు ఎవరికి వ్రాసినదైనను, నలభై అయిదు దినములలోగా పరిష్కరింపబడవలెను.

"మాస్టారూ," అన్నారు గ్లాసు బల్ల మీద పెట్టి, "నిన్నటి వరకు మా కార్యాలయమున పెండింగు శూన్యము. ఏలయనగా మాకు ఎవ్వరూ ఉత్తరములు వ్రాయరు. నేడు రెండువందల పన్నెండు! అందు మొదటిది నలభై తొమ్మిదేళ్లుగా పెండింగు! రాష్ట్రములోకెల్ల పురాతన పెండింగుగా రాజధానిలో కంప్యూటరు తెర మీద ఎర్రగా వెలుగుచున్నదట. మంత్రిగారు మా ఊరి పేరు చెప్పి నవ్విరట."

"అవి నాకు రాసినవయ్యా! నీకు కాదు!"

"అది ఇచ్చట అప్రస్తుతము. సర్క్యులరు చూడుడు. 'ఎవరు ఎవరికి వ్రాసినదైనను.'"

"తిరిగిచ్చెయ్."

"తిరిగి ఇచ్చుట తిరస్కరణ క్రిందకు వచ్చును. తిరస్కరణకు కారణములు చూపవలెను. రెండువందల పన్నెండు తిరస్కరణలకు రెండువందల పన్నెండు కారణములు..." ఆయన మళ్లీ నీళ్లు తాగారు. "కాబట్టి పరిష్కరించెదము. ఫైలు పూర్తిగా మూయబడిన మరుక్షణము మీ ఉత్తరములు మీకు. ఒక్కటి మిగిలినను ఏదియు కదలదు. నియమము మీకు తెలియనిదా, తామే నియమబద్ధులు."

మా సాహిత్య పండితులు కూడా ఉత్తరాలను పరిష్కరిస్తారు. తప్పులు దిద్ది, పాఠాంతరాలు చూపి, ఒక్కో సంపుటికి పదేళ్లు తింటారు. వీళ్లు నలభై అయిదు రోజుల్లో రెండువందల పన్నెండు ముగిస్తామన్నారు. వేగం మెచ్చుకోవాల్సిందే.

పద్ధతి చాలా సులువు. ఎస్తేరు రాణి ఉత్తరం చదువుతుంది. 'విషయం' అన్న గడిలో అందులోని గోడు ఒక్క ముక్కలో రాస్తుంది. ఆ గోడు ఏ శాఖకు చెందితే ఆ శాఖకు 'తగు చర్య నిమిత్తం' నకలు పోతుంది. ఆ శాఖ చర్య తీసుకుని జవాబిస్తే ఆ ఉత్తరం పరిష్కారమైనట్టు. కవి గారికి గోడులకు కొదవా?

మొదటి చర్య మంగళవారం పదకొండు గంటలకు మాస్టారి వీధిలోకి గంట కొట్టుకుంటూ వచ్చింది. ఎర్రబండి. అందులోంచి హెల్మెట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన దిగాడు.

"సోమలింగం గారిల్లు ఇదేనాండీ?"

"ఆయన లేరు నాయనా. ఉత్తరం అందుకున్నది నేను."

పెద్దాయన కాగితం చూసి చదివాడు. "'నా గుండెలో కార్చిచ్చు రగులుతోంది దైవాధీనం, ఆర్పే దిక్కు లేదు' అని కంప్లైంటండీ. మంట ఎప్పుడు మొదలైంది?"

"డెబ్భై తొమ్మిదిలో."

"ఇంకా ఉందా?"

"ఎనభైలో పెళ్లయిందయ్యా. ఆరిపోయింది."

పెద్దాయన తలాడిస్తూ రాసుకున్నాడు: 'స్థానికుల సహకారంతో మంటలు అదుపులోకి వచ్చినవి. ప్రాణనష్టం లేదు.' సంతకం పెట్టి పోబోతుంటే పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఎలాగూ ఇంతదూరం వచ్చారు బాబూ. పైన ట్యాంకు ఎండిపోయింది. కాస్త నింపి వెళ్లండి."

నింపి వెళ్లారు. ఆ వారం రోజులూ మాస్టారింట్లో స్నానాలన్నీ నీరవ కవిత్వం చలవే.

బుధవారం హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. 'నా చంద్రుణ్ణి ఎవరో ఎత్తుకుపోయారు' అన్న అరవై మూడో ఉత్తరం అతని చేతిలో ఉంది.

"మనిషి తప్పిపోయింది ఎప్పుడండీ?"

"అమావాస్యనాడు," అన్నారు మాస్టారు పళ్లు కొరుకుతూ.

"ఆనవాళ్లు?"

"గుండ్రంగా ఉంటాడు. తెల్లగా."

"గుర్తులేమన్నా?"

"మచ్చ ఉంది. మొహం మీదే."

"ఎవరి మీదన్నా అనుమానముందాండీ?"

"సూర్యుడి మీద రాసుకోండి," అన్నారు పిన్నిగారు. "ఆయన రాగానే ఈయన పోతాడు. ఎప్పటినుంచో పడదు ఇద్దరికీ."

హెడ్డు బుద్ధిగా రాసుకున్నాడు. కేసు కూడా పద్ధతిగానే ముగిసింది. 'సదరు వ్యక్తి పదిహేను రోజుల్లో విడతలవారీగా తనంతట తానే తిరిగి వచ్చినందున తదుపరి చర్య అవసరం లేదు' అని నివేదిక వచ్చింది. మా పోలీసులు ఒక మనిషిని ముక్కలుగా తిరిగి రాబట్టినా హత్య కేసు కాకపోవడం ఇదే మొదటిసారి.

'అన్ని దారులూ నీ వాకిట్లోకే వస్తాయి మిత్రమా' అన్న ఉత్తరానికి రోడ్ల శాఖ టేపు పట్టుకుని వచ్చి కొలిచి, 'సదరు వాకిటికి ఒకే దారి కలదు, అదియును గుంతలమయము' అని కవిగారి పొరపాటు సవరించింది. 'మల్లెలు నాతో మాట్లాడటం మానేశాయి' అన్న ఉత్తరానికి ఉద్యానశాఖ ఆరు అంట్లు పంపి, మూడు రోజులకొకసారి నీళ్లు పోస్తూ వాటితో 'సాధారణ సంభాషణ' సాగించవలసిందిగా సూచించింది. మాటల మల్లెలకు మట్టి మల్లెలు వచ్చాయి. పిన్నిగారు గోడవారన పాతారు. ఆవిడకు ఈ సంస్థ మీద అభిప్రాయం కాస్త మెరుగుపడింది కూడా.

'నా కలం లాడం ఊడిన గుర్రంలా కుంటుతోంది' అన్న ఉత్తరం పశువైద్య శాఖకు పోయింది. అక్కడినుంచి జిల్లాకు, జిల్లా నుంచి దివిసీమకు, దివిసీమలో సరిగ్గా నీరవ పనిచేసిన ఆసుపత్రికే చేరింది. అక్కడినుంచి వచ్చిన జవాబు మాత్రం వేరుగా ఉంది. ఎస్తేరు రాణి దాన్ని మాకు చదివి వినిపించింది.

'సదరు గుర్రము మా రికార్డులలో లేదు. ఉత్తరము వ్రాసిన మనిషి ఉన్నారు. ఆయన మా నాన్న. ఆయన పోయాక కారుణ్య నియామకంలో ఈ ఉద్యోగం నాకిచ్చారు. ఇట్లు, కె. నీలవేణి, కాంపౌండరు. దైవాధీనం మామయ్య ఎలా ఉన్నారు?'

"చివరి వాక్యం ప్రశ్న," అన్నారు పీతాంబరరావు గారు గదిలోంచే. "ప్రశ్నకు జవాబు పెండింగు. మాస్టారూ, తామెట్లున్నారు?"

"ఇలా ఉన్నాను!" అని మాస్టారు అరిచారు.

'ఇలా ఉన్నారు' అని జవాబు పోయింది.

నలభయ్యో రోజుకి రెండువందల పదకొండు ఉత్తరాలు పరిష్కారమయ్యాయి. ఇస్త్రీ బట్టల చీటీ కూడా తేలింది, అందులో చొక్కా ఒకటి పీతాంబరరావు గారి బావమరిది ఒంటి మీద దొరికింది, ఆ కథ వేరు. ఇక ఒక్కటే మిగిలింది. రెండువందల పన్నెండోది.

మమ్మల్ని పిలిపించారు. పిన్నిగారు కూడా వచ్చారు. పీతాంబరరావు గారు కవరులోంచి కాగితం తీసి, దస్తావేజు చదివినట్టు చదివారు.

"'దైవాధీనం! సముద్రానికి సంజాయిషీ మీద నీ వ్యాసాలు రెండూ చూశాను. బ్రహ్మాండం. అవి జనానికి. ఇప్పుడు నాకు చెప్పు. బాగుందా? సోమలింగం.'"

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టారు.

"ఈ ఉత్తరము," అన్నారు పీతాంబరరావు గారు, "అయిదు శాఖలు తిరిగి వచ్చినది. సాంస్కృతిక శాఖవారు 'బాగోగులు మా పరిధిలోకి రావు' అనిరి. మత్స్యశాఖవారు సముద్రమనగానే ఆశపడి తీసుకుని, సంజాయిషీ అనగానే వదలివేసిరి. తూనికలు కొలతల శాఖవారు మాత్రము శ్రద్ధగా పరీక్షించిరి. 'కావ్యము ఆరువందల ఇరవై గ్రాములు, అట్టతో సహా. తూకములో మోసము లేదు' అని ధ్రువపత్రము. అయినను 'బాగుందా' అను అంశము అట్లే నిలిచినది. గడువు శుక్రవారము. ఇక తామే దిక్కు."

మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. 'సావధాన్' అన్నట్టు. మొహంలో కూడా 'విశ్రామ్' లేదు.

"బాగుందని రాసెయ్యండి మాస్టారూ," అన్నాను నేను. "రెండు వ్యాసాలు రాశారు. రెండు ముక్కలు రాయలేరా?"

"నోర్ముయ్యి."

"ఆ పుస్తకం పట్టుకుని ఇరవయ్యో పేజీ దగ్గర ఈయన గురక పెట్టారు," అన్నారు పిన్నిగారు, ఎవరికీ కాకుండా, గోడకు చెప్పినట్టు. "మూడు సాయంకాలాలు. మూడూ ఇరవయ్యో పేజీయే."

మాస్టారు నోరు తెరిచారు. ఆ గొంతులో ఈల లేదు.

"ఆ ఉత్తరం వచ్చాక ఇరవై రోజులు కూర్చున్నానయ్యా. ఒకరోజు అబద్ధం రాద్దామని కూర్చునేవాణ్ణి. మర్నాడు నిజం రాద్దామని. అబద్ధం రాస్తే వాడు పట్టేస్తాడు. నిజం రాస్తే... ఊళ్లో ప్రతివాడితో వాడి కోసం కొట్లాడిన మనిషిని నేను. ఆఖరికి వాణ్ణి నేనే కొట్టనా? ఇరవై ఒకటో రోజు టెలిగ్రామ్‌లా ఫోనొచ్చింది, సోమలింగం పోయాడని. వాడు ఎదురు చూస్తూ పోయాడు."

ఎస్తేరు రాణి చేతిలో ముద్ర సిరా దిండు మీద అలాగే ఆగిపోయింది. పీతాంబరరావు గారు కూడా ఒక్క నిమిషం మామూలు మనిషిలా కనిపించారు. తర్వాత గోడ మీద క్యాలెండరు చూసి తేరుకున్నారు.

"మాస్టారూ, ఉత్తరము పెండింగు. ఇందులో నా దోషము లేదు. తమది పదకొండేళ్ల జాప్యము."

ఈ సంస్థ పుట్టాక అన్న ఒకే ఒక్క సరైన మాట అది. మాస్టారు ఆయన్ని ఎగాదిగా చూసి, చెయ్యి చాపారు.

"కాయితం ఇయ్యి."

అక్కడే, తపాలా బల్ల మీదే, కార్యాలయం వాళ్లు ఇచ్చిన గళ్ల ఫారం మీద రాశారు. రాసింది నాకిచ్చి చదవమన్నారు, తప్పులుంటే చెప్పమని. చదివాను.

'ఒరే సోమలింగం, పదకొండేళ్లు ఆలస్యమైంది. బాగాలేదురా. సముద్రానికి నువ్వు చెప్పుకున్న సంజాయిషీ సముద్రమంత పొడుగుంది, దాంట్లో ఉన్న ఉప్పు మాత్రం లేదు. వలలోంచి జారిపోయిన చేప మీద నాలుగు పాదాలున్నాయి చూడు, నలభయ్యో పుటలో, అవి నీవి. తక్కినదంతా నేను పొగుడుతాననే ధైర్యంతో రాశావని నా అనుమానం. పొగిడాను కూడా. తప్పు నాది. కోపమొస్తే ఎప్పట్లాగే ఆరు పేజీలు తిట్టు. దైవాధీనం.'

"తప్పులేం లేవు మాస్టారూ," అన్నాను.

పీతాంబరరావు గారు మాత్రం కళ్లజోడు సవరించారు. "'బాగాలేదు' అనునది ప్రతికూల ఉత్తర్వు. ప్రతికూల ఉత్తర్వు ఇచ్చునప్పుడు బాధితునికి అవకాశము కల్పించవలెను." అంటూ అడుగున స్వహస్తంతో చేర్చారు: 'ఈ ఉత్తర్వుపై అసంతృప్తి యున్నచో కవి ముప్ఫై దినములలోగా అప్పీలు చేసుకొనవచ్చును.'

ఉత్తరం రిజిస్టర్డు పోస్టులో పోవాలి, రశీదు కార్డు సంతకంతో తిరిగి రావాలి, అప్పుడే ఫైలు మూత. చిరునామా? పీతాంబరరావు గారు రికార్డు ప్రకారమే పోయారు: కె. సోమలింగం, కాంపౌండరు, పశువుల ఆసుపత్రి, దివిసీమ.

"ఆయన లేరండీ," అన్నాను.

"లేరు అనగా సెలవు మీదనా? బదిలీ మీదనా?"

"పైకి బదిలీ."

"అట్లయిన పదవిలో ఉన్నవారు స్వీకరింతురు. పదవి శాశ్వతము. పంపుడు."

సోమవారం పంపారు. మంగళ, బుధ గడిచాయి. గురువారం కూడా కార్డు రాలేదు. శుక్రవారం పొద్దున్నుంచే మాస్టారు తపాలా విభాగం బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా రేకుపెట్టె. రేపు శనివారం గడువు దాటితే ఆ పెట్టె రాజధానికి 'అపరిష్కృత సామగ్రి'గా పోతుంది, అక్కడినుంచి ఏ గోడౌనులోకి పోతుందో ఎవరికీ తెలియదు. పిన్నిగారు ఫ్లాస్కులో కాఫీ తెచ్చారు. ఆయన తాగలేదు. చల్లారిపోయింది. ఈసారి నిజంగానే.

మూడున్నరకు పోస్ట్‌మన్ వచ్చాడు. చేతిలో రశీదు కార్డు. సంతకం ఉంది: 'కె. సోమలింగం తరఫున, కె. నీలవేణి.' కానీ కార్డు వెనక ఖాళీ అంతా, అంచులతో సహా, చిన్న చిన్న అక్షరాలతో నిండిపోయి ఉంది. ఎస్తేరు రాణి దాన్ని చదివి మాస్టారికి ఇచ్చింది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు, తీసి తుడిచారు, పెట్టుకున్నారు. ఆఖరికి నా చేతికిచ్చి, "చదవరా," అన్నారు.

'మామయ్యా, నాన్న ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యడానికి నన్ను కూడా వెంటబెట్టుకు వెళ్లారు. దారంతా నవ్వుతూనే ఉన్నారు. వాడికి నచ్చలేదే అమ్మాయ్, నచ్చితే ఒకటే వ్యాసం రాస్తాడు, రెండు రాశాడంటే నన్ను కాదు, తనని ఒప్పించుకుంటున్నాడు, పాపం ఇప్పుడు జవాబెలా రాస్తాడో చూడాలి అన్నారు. చేప నాలుగు పాదాలూ తప్ప తక్కినది తీసేద్దామని పుస్తకం మీద తనే గీతలు కొట్టుకున్నారు. అప్పీలు చెయ్యడం లేదు. నీలు.'

మాస్టారు ముందు దగ్గారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని నేను లేవబోయాను. నవ్వుతున్నారు. "దొంగ వెధవ!" అన్నారు, "దొంగ వెధవ, పదకొండేళ్లు!" అని బల్ల మీద చరిచారు. సిరా దిండు ఎగిరిపడింది. పిన్నిగారు చెంగుతో ముక్కు తుడుచుకుని, "కాఫీ మళ్లీ పెట్టించుకొస్తానుండండి," అన్నారు.

అప్పుడే పీతాంబరరావు గారు గదిలోంచి వచ్చి, కార్డు వెనక రాతలు చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇదియొక ఉత్తరము! కార్యాలయ ఆవరణలోకి వచ్చినది! రెండువందల పదమూడు!"

అందరం ఎస్తేరు రాణి వైపు చూశాం. ఆవిడ చేతిలో ముద్ర ఉంది. సిరా కూడా తడిగా ఉంది. ఆవిడ మాస్టార్ని చూసింది, రేకుపెట్టెను చూసింది, గోడ గడియారాన్ని చూసింది. ముద్రను మెల్లిగా దిండు పక్కన పెట్టేసింది.

"ఇది ఉత్తరం కాదు సార్. రశీదు. రశీదుకి ఇన్వర్డు వెయ్యం. వేస్తే ఆ రశీదుకి ఇంకో రశీదు కావాలి."

పీతాంబరరావు గారు ఒక్క క్షణం ఆ భవిష్యత్తును ఊహించుకున్నారు. రశీదుల రశీదులు, వాటి రశీదులు. చటుక్కున ఫైలు మీద సంతకం చేశారు. "పరిష్కరింపబడినది!"

మాస్టారు రేకుపెట్టెను చంకలో పెట్టుకుని, రశీదును మాత్రం జేబులో పెట్టుకున్నారు. ఎవరూ అడగలేదు. గుమ్మం దాటుతూ చొక్కా లోపలినుంచి పాత ఈల తీసి ఒక్కసారి ఊదారు. కారిడార్లో నలుగురు ఉద్యోగులు అలవాటు లేకపోయినా నిలబడ్డారు.

మర్నాటి నుంచి చుట్టు రెండువందల పన్నెండు రోజులైంది. కాఫీ చల్లారడం లేదట, పిన్నిగారు చెప్పారు.

నీరవ డెబ్భయ్యో జయంతికి పుస్తకం కూడా వచ్చింది. చెప్పిన మాట ప్రకారం, చెప్పిన రోజున, దళసరి అట్టతో. పేరు 'నీరవ లేఖలపై తీసుకున్న చర్యలు'. ఉత్తరాలు అందులో లేవు. అసలు ప్రతులు యజమానికి చేరినందున నకలు వేయడం పునరుక్తి అవుతుందట. ఉన్నవి చర్యలే: మంటలు అదుపులోకి వచ్చిన నివేదిక, చంద్రుడు విడతలుగా తిరిగి వచ్చిన వైనం, మల్లెలతో సాధారణ సంభాషణ, ఆరువందల ఇరవై గ్రాముల ధ్రువపత్రం. సభలో ఒక యువ విమర్శకుడు లేచి, ఇటీవలి కాలంలో ఇంత నిరాడంబరమైన వచనకవిత్వం రాలేదని కళ్లు తుడుచుకున్నాడు.

సభ అయ్యాక పీతాంబరరావు గారు మాస్టారి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, తామీ సంస్థకు తొలినుంచీ సహకరించిన వారు. ఈ గ్రంథముపై తమ అమూల్య అభిప్రాయమును పత్రికా ముఖంగా..."

"తప్పకుండా రాస్తాను నాయనా," అన్నారు మాస్టారు.

రాశారు. వరసగా మూడు వారాలు, మూడు వ్యాసాలు.